పొగ డబ్బాల మూట

పేట్ బషీరాబాద్‌లో నేను కరెంటు పనులు చూసే అపార్ట్‌మెంటు కట్టి పదమూడేళ్లయింది. మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాను. లిఫ్టు ఆగినా, నీళ్ల మోటారు కాలినా ఫోను నాకే వస్తుంది. ఈ మధ్య ఒక ఎండాకాలం మొదట్లో మాత్రం అన్ని ఫోన్లూ ఒకే ఫిర్యాదుతో వచ్చేవి. హాల్లో పైకప్పుకు బిగించిన స్మోక్ డిటెక్టరు, అంటే పొగ వస్తే మోగి హెచ్చరించే గుండ్రటి తెల్లటి డబ్బా, పొగ లేకుండానే నిమిషానికోసారి కిచ్చుమంటోందని. కొత్త బ్యాటరీ వేస్తే రెండు రోజులు ఊరుకునేది. మళ్లీ మొదలు. రెండో అంతస్తులో ఒకావిడ విసిగిపోయి దాని చుట్టూ పాత టవలు కట్టి ఉంచింది.

వాటి కాలం తీరిపోయింది. పదేళ్లు దాటితే అవి నమ్మదగినవి కావు. ఆ మాటే అపార్ట్‌మెంటు సెక్రటరీకి చెప్పాను. ఆయన రెండు మీటింగులు పెట్టి, చివరికి అన్ని ఇళ్లకూ కొత్తవి తెప్పించాడు.

"పాతయి ఏం జేద్దాం సార్?" అని అడిగాను.

"ఏం జేస్తవ్, ఎక్కడన్న పారెయ్యి. సెల్లార్ల మాత్రం పెట్టకు," అన్నాడు.

పారేయడానికి నాకు మనసొప్పలేదు. మంచి ప్లాస్టిక్కు, లోపల కాస్త రాగి, రేకు ఉంటాయి. తూంకుంట దాటాక, షామీర్‌పేటకు పోయే దారిలో మా అక్కా బావల పాత సామాన్ల షెడ్డుంది. వచ్చిన సామాను విప్పి, ప్లాస్టిక్కు ఒక దిక్కు, ఇనుము ఒక దిక్కు, రాగి ఒక దిక్కు వేరు చేయడం అక్క పని. వైర్లను వెనకాల పాత డ్రమ్ములో కాల్చి రాగి తీయడం బావ పని. ఈ డబ్బాలు వాళ్లకిస్తే అక్కరకొస్తాయి, చెత్తకుప్ప పాలు కావు అనుకున్నాను.

మా అక్క గురించి ఒక మాట చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, అక్కకు పన్నెండు. నాయిన పొద్దున పనికి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. నన్ను చూసుకోవడానికి అక్క బడి మానేసింది. నాకు అన్నం తినిపించింది, జ్వరం వస్తే చర్చిలో ముందు వరుసలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసింది, చివరికి నన్ను ఐటీఐలో చేర్పించే దాకా వదల్లేదు. నాకు ఇంగ్లీషు అక్షరాలు చదవడం వచ్చిందంటే అక్కకు రాకపోవడం వల్లే. ఈ మాట అక్క ఎప్పుడూ అనలేదు. నాకే తెలుసు.

కింది అంతస్తులవీ పై అంతస్తులవీ రెండు రోజుల్లో దించేశాను. నేను జాగ్రత్త గల మనిషినని నాకో నమ్మకం. ప్రతి డబ్బాలోంచీ చదరపు బ్యాటరీ తీసి, ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టకుండా కొసలకు టేపు చుట్టి, వేరే అట్టపెట్టెలో పెట్టాను. డబ్బాలను రెండు గోనె సంచుల్లో నింపి, స్కూటరు మీద అక్క షెడ్డుకు చేర్చాను. బ్యాటరీలు తీసేసిన సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఒక్క డబ్బానైనా వెనక్కి తిప్పి చూడలేదు.

మర్నాడు కొత్తవి బిగిస్తూ మూడో అంతస్తులో నిచ్చెన మీదున్నాను. చేతిలో డ్రిల్లు. అక్క ఫోను చేసింది. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడాను.

"తమ్మీ, గీ డబ్బాలల్ల కొన్నిటి ఎనకాల పసుపుపచ్చ మీద నల్లగ మూడు రెక్కల పంకా బొమ్మ ఉన్నదిరా. గదేంది?"

"కంపెనీ గుర్తయి ఉంటదక్కా."

"ఇప్పొచ్చునా మరి?"

"ఇప్పు, ఏం గాదు. బ్యాటరీలు నేనే తీసిన గదా."

"సరే బిడ్డా," అని పెట్టేసింది. నేను డ్రిల్లు ఆన్ చేశాను.

ఆ తర్వాత రెండో రోజు మధ్యాహ్నం ఒక్క ఇల్లే మిగిలింది. ఆరో అంతస్తులో ఒంటరిగా ఉండే మేడం ఇల్లు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. చెల్లెలి దగ్గరికి కరీంనగర్ వెళ్లి ఆ పొద్దునే వచ్చింది. ఆమె హాల్లోని డబ్బా దించి సంచిలో వేయబోతుంటే, "ఒకసారి ఇటివ్వండి," అంది. కళ్లద్దాలు పెట్టుకుని వెనక్కి తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఇది చదివారా మీరు?"

"లేదు మేడం."

నా చేతికిచ్చింది. పసుపుపచ్చ మీద నల్లటి మూడు రెక్కలు. దాని కింద ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలు: ఇందులో రేడియోధార్మిక పదార్థం ఉంది, విప్పరాదు, చెత్తలో వేయరాదు, తయారీదారుకు తిరిగి పంపాలి. నేను చదవగలిగిన అక్షరాలే.

"లోపల చిన్న రేకు ముక్క ఉంటుంది," అంది మేడం. "దాని మీద ఆ పదార్థం చాలా కొద్దిగా ఉంటుంది. పొగను పసిగట్టేది దాని సాయంతోనే. డబ్బా మూసి ఉన్నంతకాలం ఏ భయమూ లేదు, దాని కిరణాలు కాగితం ముక్కను కూడా దాటి రావు. కానీ విప్పకూడదు, గీకకూడదు. కాల్చనే కాల్చకూడదు. ఆ పొడి నోట్లోకో ఊపిరితిత్తుల్లోకో పోతే మాత్రం మంచిది కాదు. అన్నీ ఇలాంటివి కావులెండి. వెలుతురుతో పనిచేసే రకం కూడా ఉంది, దానిలో ఇది ఉండదు. మీరు దించినవి ఎక్కడున్నాయి?"

అక్క షెడ్డు సంగతి చెప్పాను. పై రెండు అంతస్తులూ ఆలస్యంగా పూర్తయ్యాయి. వాటికి బిల్డరు వేరే సరుకు, బయటి దేశానిది, తెప్పించాడు. నా చేతులతోనే బిగించాను. అంతస్తుకు ఆరిళ్ల చొప్పున పన్నెండు. ఒకటి ఇక్కడుంది. పదకొండు అక్క దగ్గర ఉన్నాయి.

ఫోను చేశాను. అక్క ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు ఫోను ఇంట్లో పెట్టి వస్తుంది. బావ ఫోను స్విచాఫ్. "మీరు బయల్దేరండి, అక్కడికి చేరగానే నాకు ఫోన్ చేయండి," అంది మేడం.

అల్వాల్, బొల్లారం, హకీంపేట. రోజూ తిరిగే దారే. ఆ రోజు ప్రతి సిగ్నలూ నా ముందే పడింది. అక్కకు ఏం చెప్పాలా అని మాటలు పేర్చుకున్నాను. ఏ మాట పేర్చినా చివరికి ఫోనులో నేనన్న మాట దగ్గరికే వచ్చి ఆగేది. తూంకుంట దాటాక షెడ్డు ఇంకా చాలా దూరం ఉండగానే దాని వెనక నల్లటి పొగ లేవడం కనిపించింది.

స్కూటరు స్టాండు కూడా వేయలేదు. వెనక్కి పరుగెత్తాను. బావ డ్రమ్ము దగ్గర నిలబడి కట్టెతో మంటను కెలుకుతున్నాడు.

"బావా, అండ్ల ఏమేసినవ్?"

"ఏమేస్త? వైర్లు."

"నేనిచ్చిన పొగ డబ్బాలయి ఏసినవా?"

"ఇంకా ఏయలే. గా పలకలు మీ అక్క ఏరుతాంది. ఆఖర్ల ఏస్త. ఏంది నీ పరేషాన్?"

పక్కనున్న బకెట్ నీళ్లు ఎత్తి డ్రమ్ములో కుమ్మరించాను. ఆవిరి, బూడిద కలిసి లేచాయి. బావ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

లోపల అక్క పీట మీద కూర్చుని ఉంది. కొంగు ముక్కుకు కట్టుకుంది. చేతిలో స్క్రూడ్రైవరు, పక్కన సుత్తె. ఒక పక్క తెల్లటి మూతల గుట్ట, ఇంకో పక్క ఆకుపచ్చ సర్క్యూటు పలకలు, ముందున్న బేసిన్‌లో వేలెడంత చిల్లుల రేకు డబ్బీలు. ప్రతి డబ్బాలోంచి తీసిన వాటిని ఎంత పొందికగా వేరు చేసిందో. అక్క పని ఎప్పుడూ అంతే.

"ఏందిరా, గట్ల ఉరికొచ్చినవ్?"

చెప్పాను. మేడం చెప్పినదంతా, తోచినట్టు, తడబడుతూ. అక్క చేతిలోని స్క్రూడ్రైవరు నేల మీద పెట్టింది.

"మొన్న ఫోన్ల అడిగిన గదరా నిన్ను," అంది.

"అడిగినవక్కా."

"కంపెనీ గుర్తంటివి."

"అన్న."

పీట మీంచి లేచి పక్కకు జరిగింది. అరిచి ఉంటే బాగుండేది.

మేడంకు ఫోను కలిపి స్పీకరులో పెట్టాను. ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది. ముందు అక్క సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్ల సందుల్లో కూడా. ఆ పదార్థం ఉండేది చిల్లుల రేకు డబ్బీల్లోనే, నేను గ్లవ్స్ వేసుకున్నాకే వాటిని తాకాలి. దేన్నీ విప్పకుండా, వంచకుండా, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. ఊడ్చవద్దు, దుమ్ము లేస్తుంది. తడిబట్టతో తుడిచి ఆ బట్టను కూడా కవరులో కట్టేయాలి. కరెంటు పనికి వాడే రబ్బరు గ్లవ్స్ స్కూటరు డిక్కీలో ఉన్నాయి. అక్క వాడి కడిగి పెట్టుకున్న పచ్చడి డబ్బా ఒకటి ఇచ్చింది.

గుర్తు ఉన్న వాటిలో నాలుగు ఇంకా విప్పలేదు. విప్పినవి ఏడు. బేసిన్‌లో చిల్లుల డబ్బీలు ఆరే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఆరే.

"నేను కాల్చలే," అన్నాడు బావ గుమ్మంలోంచి. అప్పటికి కోపం పోయి ముఖం పాలిపోయింది. "నిన్న ఒకటో రెండో పలకలు ఏసిన... వాటికి ఇది అతుక్కొని ఉందో లేదో చూడలే." అంటూ డ్రమ్ము వైపు కదిలాడు.

"బూడిద కదపకండి," అని ఫోనులోంచి మేడం గట్టిగా అంది. "బాగా తడిపి, పైన ఏదైనా కప్పి ఉంచండి. ఎవరూ దగ్గరికి పోవద్దు."

ముగ్గురం పలకల గుట్టను, మూతల గుట్టను వెతికాం. అంటే నేను వెతికాను, వాళ్లు దూరంగా నిలబడి చూశారు. నిన్న లేచిన పొగ ఎటు పోయిందని బావను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఎప్పటిలాగే ఇంటి దిక్కే వచ్చిందన్నాడు. ఇల్లంటే షెడ్డుకు ఆనుకున్న రెండు గదులే.

అప్పుడు అక్క ఒక్కసారిగా, "అయ్యో ప్రభువా," అంది. తడి చేతులు గాలిలోనే ఉంచుకుని ఇంట్లోకి నడిచింది. నేను వెనకే పోయాను. పొయ్యి పైన అలమరలో, ఉప్పు డబ్బా పక్కన, ఆ చిల్లుల డబ్బీ తళతళ మెరుస్తోంది. దాని నిండా సూదులు, పిన్నీసులు.

"ముద్దుగున్నదని తెచ్చుకున్న," అంది అక్క. "సూదులు ఎప్పుడూ పోతయి గదా. చింతపండు పెట్టి తోమిన."

"లోపల కూడా తోమినవా?"

"ఏలు పట్టదురా అండ్ల. మీద మీదనే."

సూదులతో సహా దాన్ని గ్లవ్స్ చేతితో తీసి బయటి వెలుతురులోకి తెచ్చాను. లోపల నడుమ మెరిసే చుక్క లాంటి రేకు ఉందేమో చూడమంది మేడం. ఉంది, గట్టిగా అంటుకునే ఉంది. మిగతా ఆరింటిలోనూ ఉంది. ఆ మాట చెప్పగానే ఫోను అవతల మేడం ఊపిరి వదలడం వినిపించింది. ఏడూ దొరికాయి కాబట్టి నిన్న కాల్చిన పలకలకు అది లేనట్టే.

అక్క తన కుడిచేతి వేళ్లు చూసుకుంటూ నిలబడింది. "గీ చేత్తోనే నిన్న అన్నం కలుపుకొని తిన్న," అంది, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు అక్కను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మేడం కూడా వచ్చి, ఆ వస్తువేమిటో, ఎంత ఉంటుందో డాక్టరుకు వివరించింది. ఆయన తన పై డాక్టరుతో కూడా మాట్లాడాడు. రేకు ఊడలేదు, కాలలేదు, లోపలికి పోయిందనుకోవడానికి కారణం లేదు, మందులేవీ అక్కర్లేదు అన్నాడు. "నాకైతే భయపడాల్సింది ఏమీ కనపడటం లేదమ్మా."

"కనపడేదుంటే ఎప్పుడు కనపడతది సారూ?" అని అడిగింది అక్క.

ఆయన తిన్నగానే జవాబిచ్చాడు. ఇంత కొద్ది మోతాదుకు ఏమీ కాకపోవచ్చునని, అయినా ఏడాదికోసారి వచ్చి చూపించుకుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుందని. దారిలో అక్క ఆటోలో బయటికి చూస్తూ కూర్చుంది. యాప్రాల్ మలుపు దగ్గర మాత్రం ఒక మాట అంది. "మేం రోజూ ఎన్ని ఇప్పుతమో. మా దాకా వచ్చినంక ఎవ్వలు సదివి చెప్తరు? నువ్వన్న సదువుతవనుకున్న."

ఇక ఆ పన్నెండింటినీ ఏం చేయాలన్నది మిగిలింది. గుర్తు లేని డబ్బాలను, టేపు చుట్టిన బ్యాటరీలను పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే కేంద్రం వాళ్లు తీసుకున్నారు. గుర్తు ఉన్నవి చూపగానే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అవి వాళ్లకు అనుమతి లేని సరుకు. వాటిని అమ్మిన సంస్థకు ఫోను చేస్తే, ఆ వ్యాపారం ఎప్పుడో మానేశామన్నారు. సెక్రటరీ దగ్గరికి పోయాను.

"గా చెత్త బండోనికి ఇచ్చెయ్యరాదా? నల్ల కవర్ల కడితే ఎవడు చూస్తడు? గింత లొల్లి ఎందుకు?" అన్నాడు.

"ఆ బండి పోయిన కాడ కూడా ఏరుకునేటోళ్లు ఉంటరు సార్."

"మా బిల్డింగుల మాత్రం ఉంచకు."

పదమూడేళ్లలో ఆయన మాటకు నేను ఎదురు చెప్పింది అదే మొదటిసారి. "ఇక్కడి సామానే సార్. పోయేదాక ఇక్కడనే ఉంటది," అని, పచ్చడి డబ్బాను, మిగతా వాటిని ఇనుప పెట్టెలో పెట్టి, నేను కూర్చునే కరెంటు గదిలో తాళం వేశాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మేడం మాత్రం ఊరుకోలేదు. ఇలాంటి పదార్థాల మీద అదుపు ఉండే ప్రభుత్వ కార్యాలయానికి ఫోటోలతో సహా ఉత్తరం రాసింది. జవాబు రాకపోతే మళ్లీ రాసింది. ఎండలు పోయి వానలు పడ్డాయి. ఆ నెలలన్నీ నేను ఆ పెట్టె పక్కనే కూర్చుని టీ తాగాను. మూసి ఉంటే భయం లేదని తెలుసు. అయినా నా టిఫిన్ గిన్నె ఆ గదిలో పెట్టలేకపోయాను.

ఆదివారాలు మేడ్చల్‌లో మా చర్చికి అక్క వచ్చేది, ఆడవాళ్ల వైపు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ప్రార్థన కోసం కూడా అడగలేదు. వానాకాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. ఊళ్లో సగం మందికి ఉన్న దగ్గే. పాట మధ్యలో అక్క దగ్గు వినిపిస్తే మాత్రం నాకు పుస్తకంలో అక్షరాలు కనిపించేవి కావు. మూడు వారాలకు తగ్గింది. తగ్గాక కూడా నేను చెవి అటే వేసి ఉంచాను. ఇప్పటికీ అంతే.

చివరికి పైనుంచి ఆదేశం వచ్చింది కాబోలు, అమ్మిన సంస్థే ఇద్దరు మనుషుల్ని పంపింది. వాళ్లు ముందు అక్క షెడ్డుకు వెళ్లారు. రేడియోధార్మికతను కొలిచే చేతి మీటరుతో పీట చుట్టూ, డ్రమ్ములోని బూడిద మీద, వంటింటి అలమర మీద, అక్క స్క్రూడ్రైవరు మీద చూశారు. అక్క గుమ్మం పట్టుకుని ఆ ముల్లు వైపే చూస్తూ నిలబడింది. ఎక్కడా మామూలు కంటే ఎక్కువ లేదన్నారు. తర్వాత అపార్ట్‌మెంటుకు వచ్చి, పన్నెండూ లెక్క చూసుకుని, మూత బిగించే బరువైన డబ్బాలో పెట్టుకుని, కాగితాల మీద నాతో, మేడంతో సంతకాలు తీసుకుని వెళ్లిపోయారు. సూదులు, పిన్నీసులు కూడా వాటితోనే పోయాయి.

ఆ సాయంత్రమే అక్కకు చెబుదామని పోయాను. డ్రమ్ము మూలకు బోర్లించి ఉంది. బావ వైర్ల తోలు కత్తితో ఒలుస్తున్నాడు, పని సాగదని గొణుగుతూనే. షెడ్డు ముందు ఒక బండ పరిచి ఉంది. ఏంటో తెలియని సామాను వస్తే ముందు దాని మీద పెడుతున్నారట, ఎవరైనా చదివి చెప్పే దాకా.

"పోయినయక్కా. అన్నీ తీస్కపోయిండ్రు."

"మంచిగైంది," అంది. చాయ్ పెట్టి ఇచ్చింది. నాకు ఎదురుగా కూర్చుంది. తర్వాత అడిగింది:

"అవి పోయిన కాడ ఎవ్వలన్న ఇప్పుతరా?"

"పాతిపెడ్తరేమో. యంత్రాలతోటి చేస్తరేమో."

"ఏమో అంటే? ఆడ కూసొని ఇప్పేటోళ్లు ఉంటరా, ఉండరా?"

ఈసారి తోచిన మాట చెప్పి తప్పించుకోలేకపోయాను.

"తెల్వదక్కా," అన్నాను.

అక్క తల ఊపింది. నా గ్లాసు, తన గ్లాసు తీసుకుని కడగడానికి లేచింది.